ఎర్రచుక్కల ఇల్లు

ఆసుపత్రి నుంచి వచ్చిన పద్మకుమారి తన ఫోనును సత్యానందం ముందు పెట్టింది. తెరమీద రాజాం దగ్గరి ఆ ఊరి ఈ నెల పటం ఉంది. చర్చి వెనక వీధిలో ఒకే ఒక ఇంటిమీద ఎర్రచుక్కలు గుంపుగా పడి ఉన్నాయి.

"ఇది మీ అమ్మగారి ఇల్లేనాండి?"

"అదే. మా యమ్మదే."

ఆస్తమా ఉన్న పిల్లల కోసం ఆసుపత్రివారు ఆ యాప్‌ను వేసవిలో ఇచ్చారు. ఆయాసం వచ్చి ఇన్‌హేలర్ పంపు పీల్చగానే ఫోనులో మీట నొక్కాలి. నొక్కిన చోట చుక్క పడుతుంది. చుక్కలు ఎక్కడ ఎక్కువ పడితే కారణాన్ని అక్కడ వెదకాలి. ఇంటర్ చదువుతున్న దీవెన ఒక్కసారి కూడా మీట నొక్కడం మరవలేదు. పద్మకుమారి చూసే పిల్లల్లో ఆమెదే ఎక్కువ శ్రద్ధ.

"మా ఇంటిమీద ఒక్కటైనా ఉన్నాదా?" అన్నాడు సత్యానందం.

"ఒక్కటీ లేదండి."

అతని ముఖం వెలిగింది. "ఇన్నావేటే దీవెనా? ప్రభువు నా బిడ్డని ముట్టి నయం సేసినాడని సంఘం ముందు ఊరికే సాక్ష్యం సెప్పినానా? ఇది ప్రార్థన ఉన్న ఇల్లు. ఆ ముసలమ్మ గోగుపుల్లల పొయ్యే నిన్ను సంపుతంది. గ్యాసు పొయ్యి కొనిస్తే దాని మీద ఉప్పుసేపలు ఆరబెడతాది!"

దీవెన నవ్వలేదు. గడప దగ్గర నిలబడి తండ్రి ముఖాన్నే చూస్తోంది.

పద్మకుమారి పటాన్ని పెద్దది చేసింది. నిన్నటి తేదీతోనూ అక్కడ ఒక చుక్క ఉంది. సత్యానందం తల్లి గున్నమ్మ నరసన్నపేటలోని కూతురి ఇంటికి వెళ్లి వారమైంది. అంటే ఆ పొయ్యి వారంగా చల్లగానే ఉంది. పద్మకుమారి ఆ తేదీని మళ్లీ చూసింది. తరువాత తనకు తానే సమాధానం చెప్పుకుంది.

"పొయ్యి ఎలిగించకపోయినా గోడలకి మసి ఉంటాది కదండి. కొన్నాళ్లు మీ గుంటని అటు పంపకండి."

"కొన్నాళ్లేటి? ఒసే, ఆ ఇంటి తాళంచెవి ఇలాగియ్యి."

"నాన్నా, మామ్మ కోళ్లకి నూకలెయ్యాల."

"వచ్చినాక నానేస్తాను."

"మొక్కలకి నీళ్లు..."

"అవీ నానే పోస్తాను. ఇయ్యమన్నానా?"

దీవెన గుప్పిట వెంటనే తెరుచుకోలేదు. తండ్రి ముఖంలోని ఆ వెలుగును చూసి తాళంచెవిని అతని చేతిలో పెట్టింది.

తాళంచెవిని జేబులో వేసుకొని సత్యానందం ధాన్యం బళ్లతో మిల్లుకు వెళ్లాడు. పద్మకుమారి రాజాం ఆటో ఎక్కింది.

సాయంత్రానికి ఇంటి పక్క కళ్లంలో నూర్పిడి యంత్రం మళ్లీ మొదలైంది. ధూళి మబ్బులా లేచి ఇంటిమీదికి వచ్చింది. దీవెన తల్లి గ్లోరీ ఆ కళ్లంలోనే ఉంది కాని, యంత్రం మోతలో ఎవరి పిలుపూ వినబడదు. దీవెన తలుపు మూసింది. కిటికీ మూసింది. గోడకు వీపు ఆనించి కూర్చుంది. భుజాలు ఎగసిపడుతున్నాయి.

రాజాంలో పద్మకుమారి ఫోను తెరిచింది. ఆ ఊరి పటంమీద ఈ రోజు కొత్త చుక్క ఒక్కటీ లేదు. తృప్తిగా మూసేసింది.

సత్యానందం సాక్ష్యం చెప్పిన ఆదివారం నుంచి, తండ్రి మాట అబద్ధం కాకూడదని, దీవెన తన పంపును గున్నమ్మ ఇంటి నూకల డబ్బాలో దాచుకొని, ఈ ఇంట్లో ఊపిరి అందనప్పుడల్లా అక్కడికి పరుగెత్తేది.