పొట్టేలు తల

"పరాయి దేశం పెట్టే ముద్ద మనకొద్దక్కా. మా పార్టీ నెగ్గిందా, వాళ్ల చిల్లిగవ్వ కూడా రానివ్వం," అన్నాడు అభ్యర్థి షర్షెన్‌బెక్.

ఉల్కాన్ అతని ముందు ఉడికించిన పొట్టేలు తల పెట్టింది. ఆ కిర్గిజ్ కొండల్లో పెద్ద అతిథికి తల పెట్టకపోతే ఇంటి పరువు పోతుంది. ఆ పరువు కోసమే ఆ వితంతువు పొద్దున్నే దొడ్డి ఖాళీ చేసింది.

అతను దవడ కండ కోసి నోట్లో వేసుకున్నాడు. "మన గడ్డి తిన్న మాంసం. ఈ రుచి ఏ దొరల దేశంలో వస్తుంది చెప్పు?"

"గడ్డి మనదే బాబూ. పొట్టేలే వాళ్లది," అంది ఉల్కాన్ టీ పోస్తూ. "మంద పెంచుకోమని విదేశీ సాయం కింద ఓ గొర్రెనీ, ఈ పొట్టేలునీ ఇచ్చారు."

అతను నమలడం ఆపాడు. "మరి గొర్రె ఏదీ?"

"నిన్న మీ ఎగస్పార్టీ ఆయన వచ్చాడు. ఇలాంటి సాయం ఇంకా బోలెడు తెప్పిస్తానని చెప్పి, దాని తల తినేసి వెళ్లాడు."

ముద్ద ఉమ్మేయమంది సిద్ధాంతం. నాలుక ఒప్పుకోలేదు. షర్షెన్‌బెక్ మింగేశాడు.

"చూశావా అక్కా, పరాయి సాయం నిలవదు. మేం మొదట్నుంచీ చెప్తున్నది అదే."

"నిజమే బాబూ." ఉల్కాన్ ఖాళీ దొడ్డి వైపు చూసింది. "మీరు నెగ్గేదాకా ఆగే పని కూడా లేదు. మా ఇంట్లో విదేశీ సాయం ఇక బొత్తిగా లేదు."