రైలు పాటలో స్టేషన్

వంటింట్లో లైటు మూడుసార్లు ఆరి వెలిగింది. కరెంటు వాళ్ల తప్పు కాదు. మొగుడొచ్చాడు.

ఒకసారి ఆరితే వచ్చానని. రెండుసార్లయితే ఆకలేస్తోందని. మూడుసార్లంటే శుభవార్త. పెళ్లయి రెండు నెలలు కాలేదు, అప్పుడే ఇద్దరి మధ్యా ఇలాంటివి బోలెడు.

పిండి కలుపుతున్న ఆమె వెనక్కి తిరిగింది. అతను గుమ్మంలో నిలబడి, బుగ్గ మీద వేలు పెట్టుకుని, “సొట్టా!” అన్నాడు. నవ్వితే ఆమెకి బుగ్గన సొట్ట పడుతుంది. అతను పిలిచినప్పుడల్లా ఆ వేలు బుగ్గ మీదికి పోవాల్సిందే.

ఏమిటన్నట్టు ఆమె కనుబొమలు ఎగరేసింది.

అతను ప్రింటింగ్ ప్రెస్సులో మెషిన్ మీద పని చేస్తాడు. చొక్కా జేబులోంచి రెండు టికెట్లు తీశాడు. వాటికింకా ఇంకు వాసన పోలేదు.

“ఎవరి షోనో చెప్పుకో చూద్దాం! మా ప్రెస్సులోనే అచ్చువేశాం. ఓనరు రెండు ఊరికే ఇచ్చాడు. రేపే. ముందు వరుస!”

టికెట్టు మీద నల్ల పియానో. దాని కింద ఒక జత ఎర్రబూట్లు. పేరు చదవక్కర్లేదు.

ఆమె మొహం వెలిగింది. మరుక్షణం ఆరిపోయింది. ఈసారి స్విచ్ ఎవరూ ముట్టుకోలేదు.

“అదేంటి, అలా అయిపోయావ్? మనం కలిసిన మొదటిరోజు టీ చల్లారిపోయేదాకా ఎర్రబూట్లాయన కబుర్లే చెప్పావు కదా!”

చెప్పిన మాట నిజమే. అన్నయ్య గదిలో మోకాలెత్తు స్పీకరు పెట్టె ఉండేది. స్కూలు నుంచి రాగానే దానికి చెంప ఆనించి పడుకునేది. లేచేసరికి చెంప నిండా స్పీకరు జాలీ అచ్చు. “దీని మొహం చూడండి, జల్లెడ!” అని అమ్మ తల కొట్టుకునేది. అన్నయ్యకి పియానో మీద ఆయన కుడిచెయ్యంటే ప్రాణం. ఆమెకి ఎడమచెయ్యి. ఆ దెబ్బలు చెంపలోంచి తిన్నగా కడుపులోకి దిగేవి. మంచం పక్కన గోడ మీద ఆయన ఫొటో. స్టూలు తన్నేసి, మోచేతులతో మీటల మీద పడిపోయి, నుదుటి మీద తడిజుట్టుతో.

అన్నిటికన్నా రైలు పాట. ఎడమచెయ్యి పరిగెత్తి పరిగెత్తి నడిమధ్యలో ఆగిపోయేది. ఎనిమిది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఒక్క దెబ్బా ఉండేది కాదు. అభిమానులు దానికి ‘స్టేషన్’ అని పేరు పెట్టుకున్నారు. ఎంతమంది ఉన్నా సరే, స్టేషన్‌లో ఎవరూ దగ్గకూడదు, తుమ్మకూడదు. మళ్లీ రైలు కదిలాకే గంతులు.

ఇదంతా అతనికి చెప్పింది. ఒక్కటి తప్ప.

వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. పిండి అంటిన చేతులు చూపించింది, తర్వాత మాట్లాడదామని. తప్పించుకోవాల్సిన మాట వచ్చినప్పుడల్లా ఆమెకి పిండో, సబ్బునురగో అడ్డమొస్తుంది.

అతను వింతగా చూశాడు. మణికట్లు పట్టుకుని పంపు దగ్గరికి లాక్కెళ్లాడు. ఒక్కో వేలూ కడిగాడు. గోళ్ల సందులు కూడా. తన చొక్కాకే తుడిచాడు.

“ఇప్పుడు చెప్పు.”

చెప్పక తప్పలేదు.

“నాకు పదిహేడేళ్లు. అన్నయ్య తీసుకెళ్లాడు. ముందు వరుసే. స్టేజీ చెక్క మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాను. రైలు పాట మొదలైంది. ఇంక ఒళ్లు తెలీలేదు. చేతులు తీసేసి, కళ్లు మూసుకుని చప్పట్లు కొట్టేశాను. అరిచాను కూడా.”

“అయితే?”

“కళ్లు తెరిచేసరికి స్టేషన్.”

అతని నోరు తెరుచుకుంది.

“ఆయన చేతులు గాల్లో ఆగి ఉన్నాయి. హాలంతా నన్నే చూస్తోంది. అన్నయ్య మొహం దాచుకున్నాడు. నేనింకా కొడుతూనే ఉన్నాను. ఎంతసేపటి నుంచో కూడా తెలీదు. ఆయన నావైపు చూసి మైకులో ఏదో అన్నాడు. అంతే, వెయ్యిమంది పళ్లు కనిపించాయి.”

“ఏమన్నాడు?”

“ఏమో. అన్నయ్యని అడిగే ధైర్యం లేకపోయింది. ఇంటికెళ్లి గోడ మీద ఫొటో తీసేశాను. పదేళ్లయింది. తలుచుకుంటే ఇప్పటికీ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.”

అతను పెదవులు బిగబట్టాడు. ఆపుకోలేకపోయాడు. పొట్ట పట్టుకుని గోడకి జారబడి మరీ నవ్వాడు.

ఆమెకి ఒళ్లు మండింది. పాత సిగ్గు మీద కొత్త సిగ్గు. స్విచ్ నొక్కేసింది. కిటికీ లేని వంటిల్లు చీకటైపోయింది. ఇంక మాటల్లేవు.

పై వాటాలో కొత్తగా దిగిన పిన్నిగారు అందరికీ చెబుతోంది, “కింద కొత్తజంట ఎంత ముచ్చటో! ఒక్కరోజైనా గొంతు లేవలేదమ్మా” అని. వారానికి రెండు యుద్ధాలవుతాయని ఆవిడకేం తెలుసు.

కాసేపటికి ఫ్రిజ్ తలుపు తెరుచుకుంది. ఆ పల్చటి వెలుగులో అతను ఆమెకి ఎదురుగా నేలమీద చతికిలబడ్డాడు.

“చీకట్లో పోట్లాట చెల్లదు. ఇది తొండి.”

“పాలు విరిగిపోతాయి. తలుపు వెయ్యి.”

“విరగనీ. నేను నవ్వింది నిన్ను చూసి కాదే. అక్కడ నేనే ఉంటే రైలు తర్వాతి స్టేషన్ చేరేదాకా కొడుతూనే ఉండేవాణ్ణి.”

నవ్వొచ్చింది. దాచుకుంది. సొట్ట మాత్రం దాగలేదు.

“రేపు మళ్లీ అలాగే అవుతుంది,” అంది. “నా పక్కన కూర్చున్న పాపానికి నువ్వూ తల దించుకోవాలి.”

“రేపు రైలు పాట రాగానే ఇద్దరం కళ్లు మూసుకుందాం, స్టేషనొచ్చినా చప్పట్లు ఆపొద్దు, నవ్వితే ఇద్దర్నీ కలిపే నవ్వుతారు,” అని, పుట్టినప్పటి నుంచి ఒక్క చప్పుడైనా వినని అతను, తనలాగే పుట్టినప్పటి నుంచి ఒక్క చప్పుడైనా వినని ఆమెకి, ఎప్పటిలాగే చేతులతో చెప్పాడు.