పేరు కాలమ్

“ఇంకోసారి రన్ చెయ్యి హరితా,” అన్నాడు నితీష్. “డేటా ఏమన్న తప్పొచ్చిందేమో.”

హరిత ఇంకోసారి రన్ చేసింది. తెర నిండా పచ్చ గడులు. మధ్యలో అదే ఎర్ర గడి.

మాదాపూర్‌లోని వాళ్ల కంపెనీ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ పని ఒక్కటే. ఒక ఇంజనీరింగ్ ప్రాజెక్టులో డిజైన్ వాళ్లు, సామాను కొనేవాళ్లు, సైటు వాళ్లు ఎవరికి వాళ్లు నమోదు చేసుకున్న వివరాలన్నీ లాక్కొచ్చి, మొదటి డ్రాయింగు నుంచి చివరి టెస్టు దాకా ఒకే రిపోర్టులో పెడుతుంది. విడివిడిగా చూస్తే ఎవరి లెక్క వాళ్లకు సరిగానే ఉంటుంది. పక్కపక్కన పెట్టినప్పుడే బొక్కలు బయటపడతాయి.

ఇప్పుడు బయటపడింది అలాంటిదే. లిఫ్టులు తయారుచేసే క్లయింటు ఒక పిల్లల ఆసుపత్రిలో కొత్త లిఫ్టు బిగించింది. దాని బ్రేకు టెస్టు పాసైందని సైటు ఇంజనీరు నమోదు చేశాడు. అసలు ఆ బ్రేకు సైటుకు చేరింది ఆ తర్వాతి వారం.

“రాని బ్రేకుకు టెస్టు ఎట్ల చేసిండు?” అన్నాడు నితీష్. “ఎవరతను?”

హరిత పేరు కాలమ్ వైపు చూసింది. “సందీప్.”

“ఫోన్ చేసి అడుగుదాం. పొరపాటున నొక్కిండేమో.”

“ఆయన్ని నేను అడుగుతాను.”

ఫోను తీసుకుని మెట్ల వైపు వెళ్లింది. నితీష్ అక్కడే కూర్చుని ఎర్ర గడిని చూస్తూ ఉండిపోయాడు. హరిత ఈ టీములోకి కొత్తగా వచ్చింది. అనంతపురం వైపు మనిషి, పనిలో గట్టిది, ఇంటి సంగతులు ఎత్తదు. అంతకు మించి అతనికి తెలియదు.

ఆమె ముఖం కడుక్కుని వచ్చింది.

“టెస్టు చేయలేదంట.”

“అంత జల్దీ ఒప్పుకున్నడా?”

“ఒప్పుకున్నారు. గడువు దాటిపోతోందని పైవాళ్లు తొందరపెట్టారంట. ముందు పాసైందని పెట్టేసి, బ్రేకు వచ్చాక చేద్దామనుకున్నారు. ఈలోపు వేరే సైటుకు మార్చేశారు. తర్వాత ఇంక చెప్పే ధైర్యం చాలలేదు.”

“ఇప్పుడన్న ఎంట్రీ మార్చమను.”

“లాక్ అయిపోయింది. ఆయన చేతుల్లో లేదు.”

మేనేజర్ సురేంద్ర వచ్చి, నిలబడే రిపోర్టు చూశాడు. సోమవారం ఆ లిఫ్టులోకి పిల్లల్ని ఎక్కిస్తారని ముగ్గురికీ తెలుసు.

“ఎర్ర గడి ఉంచండి,” అన్నాడు. “పేరు కాలమ్ మాత్రం తీసేయండి. సైటు విభాగం అని పెడితే సరిపోతుంది. ఒకడి ఉద్యోగం మన చేతుల మీదుగా పోవడం ఎందుకు?”

“పోయిన రిపోర్టులో విభాగం పేరే పెట్టాం సార్,” అంది హరిత. “మాది కాదంటే మాది కాదన్నారు. ఆ లోపం ఇప్పటికీ అలాగే ఉంది. ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వస్తేనే ఈ లిఫ్టు ఆగుతుంది.”

“పంపినవాళ్లుగా కింద నీ పేరుంటుంది. ఆలోచించుకున్నావా?”

“ఉండనీండి సార్.”

సురేంద్ర తన గదికి వెళ్లిపోయాడు. నితీష్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“జర ఆలోచించు హరితా. నౌకరీ పోతది. ఇంట్ల భార్య ఉంటది, తల్లి ఉంటది. వాళ్ల ముందల ఎట్ల నిలబడ్తడు?”

“ఆయన భార్య సంగతి ఆవిడ చూసుకుంటుంది,” అంది హరిత. “ఆ లిఫ్టెక్కే పిల్లల సంగతే ఎవరూ చూడటం లేదు.”

రిపోర్టు పంపేసింది. తర్వాత ఫోను మోగితే చూసి, బోర్లా పెట్టింది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీయలేదు. అడిగితే, ఆకలి లేదంది.

సాయంత్రం సురేంద్ర మళ్లీ వచ్చాడు. ఈసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“లిఫ్టు ఆపేశారు. మనుషులు లేకుండా బరువులు పెట్టి టెస్టు చేశారంట. బ్రేకు పట్టలేదు.”

నితీష్ తెర మీది ఎర్ర గడి వైపు చూశాడు.

“ఆ ఇంజనీరును ఐడీ కార్డు ఇచ్చేసి వెళ్లిపొమ్మన్నారు,” అన్నాడు సురేంద్ర.

“సరే సార్,” అంది హరిత.

ఆ ‘సరే’ నితీష్‌కు మింగుడు పడలేదు. ఆమె చేసింది మంచి పనేనని అతనికీ తెలుసు. పిల్లలు బతికిపోయారు. కానీ ఒక మనిషి బతుకు రోడ్డున పడిందని వింటే గొంతు కాస్తయినా మారదా?

బయట వాన పట్టుకుంది. క్యాబులు దొరకడం లేదు. హఫీజ్‌పేట్ వెళ్లాల్సిన నితీష్, దారి కాకపోయినా పుప్పాలగూడలో ఇంటి దగ్గర దింపుతానని ఆమెను కారెక్కించుకున్నాడు. దారిలో ట్రాఫిక్ ఆగినప్పుడు ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

“నీకు కొంచెం కూడ బాధ అనిపిస్తలేదా?”

“ఆయన చేసింది తప్పే కదా.”

“తప్పే. కాదంటలేను. మనిషి ఎట్లున్నడో ఒక్కసారి అడిగితే ఏం పోతది?”

“అడుగుతాను.”

“ఎప్పుడు?”

“ఇంటికెళ్లాక.”

అద్దం మీద జారే నీళ్ల వైపు తిరిగింది. ట్రాఫిక్ కదలగానే నితీష్ కారు ముందుకు పోనిచ్చాడు.

అపార్ట్‌మెంటు గేటు దగ్గర గొడుగు పట్టుకుని ఒక పెద్దావిడ నిలబడి ఉంది. వీధి రెండువైపులా మార్చి మార్చి చూస్తోంది.

“మా అత్త,” అంది హరిత, కారు దిగుతూ.

ఆవిడ గబగబా వచ్చి కోడలి మీదికి గొడుగు పట్టింది.

“సందీపు ఇంగా ఇంటికి రాలేదమ్మా.”