తొమ్మిదో రీలులో మదార్‌బీ

తను చచ్చిపోతే కూతురికి తన ముఖం గుర్తుండదని నౌషీన్ భయం. ఉన్న భయాలన్నిట్లోకీ అదే పెద్దది.

ఎందుకంటే తన తల్లి ముఖం తనకు గుర్తు లేదు.

తల్లి మదార్‌బీ పోయేనాటికి నౌషీన్‌కు మూడేళ్లు. ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు. ఇప్పుడు తన కూతురికీ మూడేళ్లే. కాస్త తల తిరిగినా నౌషీన్‌కు గుండె దడే.

తండ్రి ఒక్క సంగతి చెబుతుండేవాడు. మదార్‌బీ వేటపాలెంలో జీడిపప్పు పనికి వెళ్లే రోజుల్లో, సినిమావాళ్లు అక్కడి ఆడవాళ్లను లారీలో బాపట్ల సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లి గుంపులో నిలబెట్టారట.

"అప్పుడు నువ్వు మీ అమ్మ చంకలో ఉన్నావు" అనేవాడు.

ఆ సినిమా ఆడలేదు. తర్వాత ఎక్కడా దొరకలేదు.

2004లో తెనాలిలో పాండురంగారావు వీడియో షాపు ఎత్తేస్తూ క్యాసెట్లన్నీ బల్ల మీద కుప్ప పోశాడు. అందులో ఆ సినిమా క్యాసెట్టు మీద నౌషీన్ చెయ్యి వేసింది. అదే క్షణంలో ఇంకో ముసలి చెయ్యి కూడా పడింది.

"వదలండి. నేను ముందు పట్టుకున్నా."

"దీనికి బూజు పట్టిందమ్మాయ్. ఇలాగే వీడియో డెక్కులో పెడితే టేపు నమిలేస్తుంది. నేను శుభ్రం చేసిస్తా."

"చెయ్యడానికి మీరెవరు?"

పాండురంగారావు నవ్వాడు. "రేపల్లె ఇస్సాకులేమ్మా. పాత సినిమాల ముక్కలు అతికిస్తుంటాడు. అతుకుల డాక్టరు! తీసినోళ్లే పారేసిన సినిమా ఈయనకెందుకో!"

"వాళ్లు పారేశారు కాబట్టే నేను ఏరుకుంటున్నా" అన్నాడు ఇస్సాకు.

నౌషీన్ క్యాసెట్టును గుండెకు అదుముకుంది. "దీంట్లో మా అమ్మ ఉంది. ఎవరికీ ఇవ్వను."

ఇస్సాకు చెయ్యి తీసేశాడు. "అవసరమైతే రా తల్లీ. రేపల్లె స్టేషన్ వెనక ఎవర్నడిగినా చెబుతారు."

అద్దెకు తెచ్చిన డెక్కులో నౌషీన్ క్యాసెట్టు వేసింది.

హీరోయిన్ సముద్రం చూడాలంటూ బస్సెక్కింది. మరుక్షణం పెళ్లి పందిరి. సముద్రం లేదు.

వెనక్కి తిప్పింది. మళ్లీ తిప్పింది. మూడోసారికి డెక్కు టేపును నమిలేసింది.

"పోనిద్దూ. గుంపులో మనిషి ఎంతసేపు కనిపిస్తుంది గనక?" అన్నాడు భర్త ఇర్షాద్.

"రెప్పపాటు చాలు నాకు. మీ అమ్మ ఫోటో గోడ మీదుంది. మీకేం తెలుస్తుంది?"

మర్నాడు పిల్లను చంకనేసుకుని రేపల్లె రైలెక్కింది.

ఇస్సాకు గదిలో రెండు డెక్కులు, ఒక కంప్యూటరు, గోడకు తెల్ల దుప్పటి. నలిగిన టేపును ఆయన వెలుతురుకు పట్టి చూశాడు. క్యాసెట్టు విప్పి, పాడైనంత మేర కత్తిరించి, కొసలు అతికించాడు.

"దీంట్లో సముద్రం సీను లేదు. మీకు ముందే తెలుసా?" అంది నౌషీన్.

"తెలుసు. మిగతా సినిమా నీ క్యాసెట్టులో ఉంది. ఆ సీను నా దగ్గరుంది. రెంటినీ కలపాలని ఆరేళ్లుగా తిరుగుతున్నా."

ట్రంకుపెట్టెలోంచి రేకు డబ్బా తీశాడు. డబ్బాలో ఫిల్ము చుట్ట. తొమ్మిదో రీలులోని ముక్క. దాన్ని చేత్తో తిప్పే చిన్న ప్రొజెక్టరుకు ఎక్కించి, బొమ్మను రికార్డు చెయ్యడానికి ఎదురుగా హ్యాండీక్యామ్ పెట్టాడు.

దుప్పటి మీదికి సముద్రం వచ్చింది. ఒడ్డున బారుగా ఆడవాళ్లు.

నౌషీన్ ఒక్కో ముఖాన్నీ వెతికింది. ఇందరిలో అమ్మ ఎవరు? ఎరగని ముఖాన్ని ఎలా గుర్తుపట్టడం?

"అదిగో! ఆపండి, ఆపండి!"

"ఆపితే బల్బు వేడికి ఫిల్ము కాలుతుందమ్మా. మళ్లీ వేస్తా, చూడు."

గుంపు మొత్తంలో ఒక్కావిడ చంకలోనే బిడ్డ ఉంది. గాలికి ఎగిరే కొంగును పళ్ల మధ్య పట్టుకుని ఆవిడ నవ్వు ఆపుకుంటోంది.

"ఇంకోసారి."

వేశాడు. పదకొండుసార్లు వేశాడు.

"ఈ ముక్క కోసినోడి చేతులు పడిపోను!" అంది నౌషీన్, ఏడుస్తూ.

ఇస్సాకు తలెత్తలేదు. ఫిల్ము చుట్టుకుంటూ "నిజమేనమ్మా" అన్నాడు.

నెల తర్వాత పోస్టులో సీడీ వచ్చింది. సముద్రంతో సహా సినిమా మొత్తం. నౌషీన్ కూతురు టీవీ మీద వేలు పెట్టి "నానీ" అని అమ్మమ్మను పిలిచింది.

ఆ మాట చెబుదామని నౌషీన్ రేపల్లె వెళ్తే గదికి తాళం. చూపు మందగించి బాపట్లలో చుట్టాలింటికి వెళ్లిపోయాడన్నారు. ఏ వీధో ఎవరూ చెప్పలేకపోయారు.

తెనాలి వచ్చి పాండురంగారావును అడిగింది.

"ఆయన కోసమా నువ్వు తిరిగేది?" అన్నాడతను. "ఆ ముక్క కోసిందే ఆయన! ఇక్కడి హాల్లో ఆపరేటరుగా చేసేవాడు. మ్యాట్నీ అయ్యేసరికి రేపల్లె ప్యాసింజరు వెళ్లిపోతోందని జనం గోల. సినిమా తొందరగా అయ్యేలా ఒక ముక్క కోసెయ్యమన్నాడు ఓనరు. కోశాడు. తిరిగి అతికించేలోపే ప్రింటు మద్రాసు వెళ్లిపోయింది. క్యాసెట్లన్నీ ఆ ప్రింటు మీంచి తీసినవే."



"కోశాడు, సరే" అంది నౌషీన్. "పారెయ్యలేదుగా? మా అమ్మని పాతికేళ్లు ఎవరు దాచారండీ, మీరా, నేనా?"

బాపట్లలో ఇస్సాకు అనే చూపు ఆనని పెద్దాయన మీ ఎరికలో ఉంటే, ఒక్కసారి వెళ్లి ఎలా ఉన్నాడో చూడండి. ఆ చేతులు చల్లగా ఉండాలని తెనాలి నౌషీన్ అంటోందని చెప్పండి.