ఎవరికీ ఇవ్వని ఏడు

"ఏ అంకె పెడుతున్నావమ్మా?"

టెలిఫోన్ ఎక్స్ఛేంజి కౌంటరు దగ్గరికి ముసలాయన మళ్ళీ వచ్చాడు. వారంలో ఇది మూడోసారి.

ఇంజినీరమ్మకు అసలే తల ప్రాణం తోకకొస్తోంది. ఊళ్ళో ఐదంకెల నంబర్లు నిండుకున్నాయి. ప్రతి నంబరుకూ ముందు ఒక అంకె చేర్చి ఆరంకెలు చెయ్యాలి. ఆ అంకె ఏదో సాయంత్రంలోగా పత్రికలకు చెప్పాలి. తేడా వస్తే ఊరి ఫోన్లన్నీ అడ్డదిడ్డం, ఆమె ఉద్యోగం గోవిందా.

"ఐదండీ. డైరెక్టరీ అంతా వెతికాను. ఐదుతో, ఏడుతో మొదలయ్యే నంబర్లే లేవు, పాతవాటితో తికమక ఉండదు."

"ఐదొద్దు తల్లీ. ఏడు పెట్టు."

ఆమె ఫక్కున నవ్వింది. లక్కీ నంబరు కోసం కాళ్ళావేళ్ళా పడేవాళ్ళను రోజూ చూస్తూనే ఉంది.

"ఏడు మీకు బాగా కలిసొచ్చిందా తాతగారూ?"

"నాకా? భలేదానివే!" ముసలాయనా నవ్వాడు. "స్టోరు రూములో పాత రిజిస్టరు ఉంటుంది, ఒక్కసారి చూడు. పని తెమిలాక నాకో ఫోన్ కొట్టమ్మా."

చీటీ మీద తన నంబరు రాసిచ్చి వెళ్ళిపోయాడు.

"చాదస్తం," అన్నాడు పక్కనున్న మెకానిక్.

మధ్యాహ్నం పరీక్ష పెట్టారు. ఆసుపత్రి నంబరు 23406. ఆమె ముందు ఐదు చేర్చి డయల్ చేసింది. ఆఖరి అంకె తిప్పకముందే అవతల ఎవరో ఎత్తారు.

"ఫైర్ స్టేషన్!"

ఆమె తను తిప్పిన అంకెలు లెక్కపెట్టుకుంది. 52340. డైరెక్టరీలో వెయ్యని లోపలి నంబరు. ఐదంకెలు పడగానే అదే కలిసిపోయింది. అలాంటివి ఇంకెన్ని ఉన్నాయో! పురుడొచ్చిందని ఆసుపత్రికి చేస్తే మంటలార్పేవాళ్ళు దిగుతారన్నమాట.

"పోనీ... ఏడు పెట్టి చూద్దామా మేడమ్?" మెకానిక్ నసిగాడు.

ఏడు పెట్టారు. ఆసుపత్రి పలికింది. బడి పలికింది. టైలరు కొట్టు పలికింది. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు.

ఊరు ఆరంకెల్లోకి మారి నెల తిరిగింది. ఒక్క ఫిర్యాదు లేదు. అప్పటికి తీరిక దొరికి ఇంజినీరమ్మ ఆ రిజిస్టరు దుమ్ము దులిపింది. నలభై ఏళ్ళనాటిది. మొదటి పేజీలో గుండ్రటి అక్షరాలు:

"నేటికి ఊళ్ళో ఫోన్లు పన్నెండు వందలు. ఏడుతో మొదలయ్యే నంబరు ఎవరికీ ఇవ్వరాదు. నంబర్లు చాలకపోయిన రోజున అన్నిటికీ ముందు చేర్చడానికి ఉంచాలి."

కింద, తర్వాత వచ్చిన గుమస్తాల సంతకాలు వరసగా ఉన్నాయి, ఒక్కోదాని పక్కన ఒకే మాట. ఇవ్వలేదు. ఇవ్వలేదు. ఇవ్వలేదు.

ఆమె ఆ వాక్యాలు మళ్ళీ చదివింది. పన్నెండు వందల ఫోన్ల ఊళ్ళో కూర్చుని, ఇంకా పుట్టనివాళ్ళ కోసం ఒక అంకె దాచిపెట్టాడా!

చీటీ వెతికి పక్కన పెట్టి చూసింది. అవే గుండ్రటి అక్షరాలు. ముందు ఏడు చేర్చి ఆ నంబరు తిప్పింది.

"నాన్న పోయి పదకొండు రోజులైందండీ," అంది అవతల ఆయన కూతురు. "నంబర్లు మారినప్పటి నుంచీ ఫోన్ పక్కనే కూర్చునేవారు. ఎవరు చేస్తారు నాన్నా అంటే నవ్వి ఊరుకునేవారు."

ఒక్క ఫోన్. ఆ మాత్రం కొట్టలేకపోయింది తను.

కళ్ళు తుడుచుకుని పేజీ తిప్పింది. వెనక ఎర్ర సిరాతో పైఅధికారి రాత: "ఊరి పెద్ద కోరిన 77777 లక్కీ నంబరు ఇవ్వ నిరాకరించినందున, ఈ గుమస్తాను ఉద్యోగం నుంచి తొలగించడమైనది."