హోలిస్‌కే మా ఓటు

కోచ్ డెల్బర్ట్ ట్రామెల్ మళ్ళీ చేపలు వేయిస్తున్నాడు.

కోర్టు ముందు పచ్చికలో పెద్ద మూకుడు, చుట్టూ జనం. ఎన్నికలు వచ్చినప్పుడల్లా అలబామాలోని ఆ చిన్న కౌంటీకి ఈ వాసన పట్టుకుంటుంది. ఎప్పుడో ఒకసారి బడి ఫుట్‌బాల్ జట్టుతో రాష్ట్ర కప్పు గెలిపించాడు. అంతే. అప్పట్నుంచీ కౌంటీలో బడులన్నిటికీ ఆయనే సూపరింటెండెంటు. చదువుల మీద పెత్తనానికి చదువక్కర్లేదు. చేప కరకరలాడితే చాలు.

నియోలా ప్లేటు అందుకోలేదు. ఆవిడ గుండెలో ఒకటే భయం. ఈసారి గెలిస్తే శాండీ ఫోర్క్ బడి మూసేస్తానని కోచ్ పేపర్లోనే చెప్పాడు. ఆ పిల్లల్ని బస్సెక్కించి వాగవతలి బడికి పంపుతాడట. వాగు మీద వంతెన చిన్న వానకే మునుగుతుంది. నియోలా కూతురు కొరాలీ రెండో క్లాసు. మబ్బు పడితే చాలు, ఆ పసుపు బస్సు నీళ్ళలో తేలుతున్నట్టే ఉంటుంది తల్లి కళ్ళకి.

"వేడిగా ఉన్నాయమ్మా, తిను," అన్నాడు కోచ్.

"వంతెన సంగతి చెప్పండి ముందు."

"దేవుడున్నాడు, డ్రైవరున్నాడు. నీకెందుకమ్మా బెంగ?"

"ఆ డ్రైవరు మీ మేనల్లుడేగా. అందుకే బెంగ."

పక్కనున్నవాళ్ళు ఫక్కున నవ్వారు. నవ్వుతూనే మరో ముక్క ప్లేట్లో వేసుకున్నారు.

స్కూలు బోర్డులో ఎక్కువమంది ఆ బడి మూయొద్దన్నవాళ్ళే. కానీ సూపరింటెండెంటుని ఎన్నుకునేది జనం. బోర్డు మాట ఆయన చెవికెక్కదు.

"బోర్డే నియమిస్తే, బోర్డే పీకేసేది. ఓట్లతో వచ్చిన దయ్యాన్ని వదిలించేదెవరు?" అని, ఈ ఎన్నిక తీసేసి నియామకం పెట్టించమని నియోలా శాసనసభ్యుడికి అర్జీ పెట్టుకుంది. ఆ పెద్దమనిషి అర్జీ జేబులో పెట్టుకుని, కోచ్ విందుకొచ్చి, రెండు ప్లేట్లు తిని వెళ్ళాడు.

ఇక మిగిలింది బ్యాలెట్ మీద రెండో పేరు. హోలిస్ ఫైక్, లెక్కల మాస్టారు.

నియోలా ప్రచారం జునెల్ బ్యూటీ పార్లర్లో మొదలైంది.

"హోలిస్‌కా? హోలిస్ మనకేం చేస్తాడే?" అంది జునెల్, దువ్వెన ఆపి.

"ఏమీ చెయ్యడు. బడి మూయడు. మేనల్లుళ్ళకి ఉద్యోగాలివ్వడు. చేపలు అసలే వేయించడు."

"పాపం ఇమొజీన్ ఏమనుకుంటుందో, మొగుడి పేరు ఇలా ఊళ్ళో తిప్పితే."

"అడిగే వచ్చాను. 'ఆయనకి జన్మలో ఆ కోచ్ మొహం పడలేదు, వేసెయ్యండి' అంది."

జునెల్ మళ్ళీ దువ్వెన ఆడించింది. తర్వాత తల దువ్వించుకోడానికొచ్చిన ప్రతి ఆవిడ చెవిలోనూ అదే ఊదింది.

కోచ్‌కి తెలిసింది. కడుపు పట్టుకుని నవ్వాడు. "హోలిస్‌ని వచ్చి నాతో చర్చించమనండి చూద్దాం," అన్నాడు రేడియోలో. ఆ హాస్యానికి ఆయన బామ్మర్దులు నవ్వారు. మిగతావాళ్ళు రేడియో కట్టేశారు.

పోలింగు రోజు వాన పట్టుకుంది. వంతెన మునిగింది. ఏళ్ళుగా కోచ్ చేపలు తింటున్న ముసలాళ్ళు సైతం ఆ నీళ్ళని చూసి, మూతులు తుడుచుకుని లోపలికెళ్ళి ఓటేసొచ్చారు.

కోచ్ ఓడిపోయాడు.

మర్నాడు పొద్దున్నే, ఎన్నికల లెక్క చూసే కౌంటీ జడ్జి గదిలోకి దూసుకొచ్చాడు. "ఇదెలా చెల్లుతుందండీ?"

"చెల్లుతుంది, డెల్బర్ట్. నీకంటే హోలిస్‌కే ఎక్కువ పడ్డాయి. కుర్చీ ఖాళీ గనక, ఇప్పుడు బోర్డే ఎవరినో ఒకరిని నియమించాలి. చట్టం అదే."

"తెలిసే వేశారంటారా వీళ్ళంతా?"

జడ్జి కళ్ళజోడు తీసి ఆయన వంక జాలిగా చూశాడు. తెలియకేం, బ్యాలెట్లు అచ్చయిన మర్నాడే గుండె ఆగి పోయిన హోలిస్ ఫైక్‌ని చర్చి వెనక పాతిపెట్టి వచ్చింది ఆ ఓటేసినవాళ్ళే.