కుడివాలు, ఎడమవాలు

జనం సముద్రం మీద ఇళ్లు కట్టడం మానేసి, వాటిని పెంచడం మొదలుపెట్టాక, మసేనమ్మకు ఇంటి దిగులు పోయి కూతురి పెళ్లి దిగులొక్కటే మిగిలింది. ఆ ఇళ్లకు ప్రాణముంది. నీలం గిన్నెల్లా తేలుతూ, నెత్తిన తెరచాప మొలిపించుకుని, గాలివాటున పోతుంటాయి.

పెళ్లినాడు వియ్యాలవారి ఇల్లు పక్కకొచ్చి ఆగింది. మేళంతోపాటే గాలీ ఎత్తుకుంది. ఒకే గాలికి రెండిళ్లూ రెండు దిక్కులకు బయల్దేరాయి.

"పంతులుగారూ! జాతకాలు సూసేరు గానీ ఇళ్ల తెరసాపలు ఎటు వాలేయో సూడనేదేటి? ఆల్లది కుడివాలు, మాది ఎడమవాలు!" అని మసేనమ్మ నెత్తి కొట్టుకుంది.

"అత్తా, తాడిసురు!" అని అవతలి నుంచి పెళ్లికొడుకు అరిచాడు.

ఆమె వలతాడు విసిరింది. కట్టేసిన ఇళ్లు ఎటూ పోలేక ఉన్నచోటే గిరగిరా తిరిగాయి. మూడోముడి పడేసరికి సగంమంది చుట్టాలు సముద్రంలోకి వంగి వాంతులు చేసుకుంటున్నారు.

మర్నాడు అప్పగింతలు. తాడు విప్పితే కూతురు ఏ తీరానికో, తాను ఏ తీరానికో. కళ్లు తుడుచుకుంటూ ముడి మీద చెయ్యేసిన మసేనమ్మ ఆగిపోయింది. రెండిళ్ల మధ్య తాటికాయంత బుల్లి ఇల్లొకటి తేలుతోంది.

"వదినా, పిల్లలకింకా పారాణి ఆరనేదు, ఇళ్లు అప్పుడే కాపరం ఎట్టేసినాయి!" అంది వియ్యపురాలు.

"బాలింత ఇళ్లని కదపకూడదొదినా," అంటూ మసేనమ్మ విప్పబోయిన తాడుకి ఇంకో ముడి వేసింది.